గుంటలో చేప తేలితే



పోయిన వారం మన రాత్రి బడిలో పాఠం అయిపోయాక ఒక మామ్మ లేచి అడిగింది. "టీచరమ్మా, మా పెరటి గుంటలో రోజూ ఒకటో రెండో చేపలు తేలుతున్నాయి. ఏ మందు పొయ్యాలి?" అని. ఆ మాట వినగానే నలుగురైదుగురు "మాదీ అదే గొడవ" అన్నారు. ఈ వారం దాని గురించి చెబుతానని మాట ఇచ్చాను. అందుకే ఈ మాటలు.

నేను చేపల డాక్టరుని కాను. టీచరు ట్రైనింగు చదివి పిల్లలకు లెక్కలు చెప్పుకునేదాన్ని. కానీ మా ఇంట్లో కూడా గుంట ఉంది. మన కొల్లేటి పక్క ఊళ్లలో ఇల్లు మెరక చేయడానికి పెరట్లో మట్టి తీస్తాం గదా. ఆ మట్టి తీసిన గుంటే. ఆ గుంటలో చేపల్ని మేమే మా చేతులతో చంపుకున్నాం. ముందు ఆ సంగతి చెబుతాను. మందు సంగతి తర్వాత.

అవి కాలువలు కట్టేసిన రోజులు. ఎండాకాలం. గుంటలో నీళ్లు బాగా తగ్గాయి. నూరు చేప పిల్లలు వేశాం. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు. ఒక్కొక్కటి ముప్పావు కిలో దాకా వచ్చాయి. వాటిని అమ్మితే మా చెల్లి కాలేజీ బస్సు ఛార్జీలకు ఏడాదికి సరిపోతుందని లెక్క వేసుకున్నాం. పక్కింట్లో పెళ్లి అయింది. మిగిలిన అన్నం, పప్పు రెండు గంపలు తెచ్చి గుంటలో వేశాం. పారేయడమెందుకు, చేపలు తింటాయి గదా అనుకున్నాం. రెండు రోజులు మబ్బు పట్టింది. మూడో రోజు తెల్లవారుజామున చూస్తే చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అప్పటికే నాలుగు తేలాయి.

నాన్న సైకిలు మీద టౌనుకు వెళ్లాడు. దుకాణంలో అడిగితే అరకిలో పర్మాంగనేటు పొట్లం ఇచ్చారు. "ఎంత వెయ్యాలి?" అంటే "చిన్న గుంటే గదా, వేసెయ్యండి" అన్నారట. నాన్న మొత్తం కలిపి చల్లేశాడు. గుంట వంకాయ రంగుకు తిరిగింది. సాయంత్రానికి చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. నూటికి పదకొండు మిగిలాయి.

నేను అప్పుడు ఇంట్లోనే ఉన్నాను. బడికి సెలవులు. ఆ ఏడాదే ఏడో తరగతి పిల్లలకు పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే ఘనపరిమాణం వస్తుందని నల్లబల్ల మీద గీసి చెప్పాను. నా పెరట్లో గుంటకు మాత్రం ఆ లెక్క కట్టలేదు. నాన్న పోస్తుంటే బక్కెట్టు అందించాను. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. చెల్లి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

తర్వాత మత్స్యశాఖ ఆయన వేరే పని మీద మా ఊరు వచ్చినప్పుడు పిలిచి గుంట చూపించాం. ఆయన గుంట చుట్టూ తిరిగి చూసి ఒకటే అడిగాడు. "చేపలు నోరు తెరిచింది పొద్దున్నా, మధ్యాహ్నమా?"

అదేం ప్రశ్న అనుకున్నాను. తర్వాత తెలిసింది, అదే అసలు ప్రశ్న అని.

చేపకూ గాలి కావాలి. నీళ్లలో కరిగిన ప్రాణవాయువును అది మొప్పలతో పీలుస్తుంది. గుంటలో పచ్చటి నాచు ఉంటుంది గదా. పగలు ఎండ ఉన్నప్పుడు ఆ నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి పూట తయారు చేయదు. పైగా అది కూడా చేపలతో పాటు వాడుకుంటుంది. అందుకని తెల్లవారుజాముకు నీళ్లలో గాలి బాగా తగ్గిపోతుంది. మబ్బు పడితే పగలు తయారయ్యేదే తక్కువ. అడుగున అన్నం, పేడ, ఆకులు కుళ్లుతుంటే ఆ కుళ్లు కూడా ప్రాణవాయువును తినేస్తుంది. మా గుంటలో ఇవన్నీ ఒకేసారి జరిగాయి. నీళ్లు తక్కువ, చేపలు ఎక్కువ, రెండు గంపల అన్నం, రెండు రోజుల మబ్బు. మా చేపలకు జబ్బే లేదు. ఊపిరి ఆడలేదు, అంతే. ఊపిరాడని వాటి మీద మేము ఘాటు మందు పోశాం.

కాబట్టి చేప తేలగానే దుకాణానికి పరుగెత్తకండి. గుంట గట్టున కాసేపు కూర్చోండి. చూడండి.

తెల్లవారుజామున అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా? ఎండ ఎక్కాక మళ్లీ కిందికి పోతున్నాయా? పెద్దవి ముందు చస్తున్నాయా? అయితే అది గాలి తక్కువ కావడమే. మందు అక్కర్లేదు. మేత ఆపండి. పేడ వేయడం ఆపండి. కొత్త నీళ్లు పెట్టండి. బోరు నీళ్లు పెడితే గొట్టం నీళ్లలో ముంచకండి. బోరు నీళ్లలో గాలి తక్కువ ఉంటుంది. గొట్టం ఎత్తుగా కట్టి, కింద ఒక రేకు పెట్టి, నీళ్లు దాని మీద పడి చిమ్మేటట్లు చేయండి. కరెంటు లేకపోతే బక్కెట్లతో తోడి ఎత్తు నుంచి గుంటలోనే పోయండి. వెదురు గడలతో నీళ్లు కొట్టండి. పిల్లలకు ఈ పని మహా ఇష్టం. కాకపోతే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

పెద్దా చిన్నా తేడా లేకుండా ఒక్కసారిగా చచ్చాయా? చేపలతో పాటు కప్పలు, రొయ్య పిల్లలు, నీటి పురుగులు కూడా చచ్చాయా? అయితే నీళ్లలో విషం కలిసిందేమో అనుమానించాలి. పొలంలో మందు కొట్టిన స్ప్రేయరు ఎవరైనా గుంటలో కడిగారా? పక్క చేలో నీళ్లు ఇటు దిగాయా? అలాంటి చేపలను తినకూడదు, అమ్మకూడదు. కోళ్లకు, పందులకు కూడా వేయకూడదు. దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి.

రోజుకు ఒకటి, మర్నాడు రెండు, తర్వాత నాలుగు, ఇలా పెరుగుతూ పోతే అప్పుడు జబ్బు అనుకోవచ్చు. మామ్మ చెప్పింది ఇలాంటిదే అనిపిస్తోంది. అప్పుడు చేపను చేతిలోకి తీసుకుని చూడాలి. చచ్చి తేలినదాన్ని కాదు. బతికున్నదాన్ని, మందకొడిగా గట్టు పక్కన తిరిగేదాన్ని పట్టుకోవాలి. చెయ్యి తడి చేసుకుని పట్టుకోండి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పోతుంది. ఆ జిగురే దానికి చొక్కా.

మొప్ప మూత ఎత్తి చూడండి. మంచి చేప మొప్ప ఎర్రగా ఉంటుంది. పాలిపోయి జిగురు పట్టి ఉంటే మొప్పల్లో పురుగు పట్టి ఉండవచ్చు. కాఫీ రంగులో ఉంటే నీళ్లు చెడ్డాయని. మేత ఎక్కువై కుళ్లిన నీళ్లలో అలా అవుతుంది. అప్పుడు మేత తగ్గించి నీళ్లు మార్చాలి.

ఒళ్లంతా చూడండి. పెసరగింజంత, బిళ్లలాగా, అటూ ఇటూ కదిలేవి అంటుకుని ఉంటే అవి చేప పేలు. చేప గట్టుకూ రాయికీ ఒళ్లు రుద్దుకుంటుంటే కూడా పేలు ఉన్నాయేమో చూడాలి. ఈ పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. కర్ర, చెక్క, రాయి ఏదైనా సరే. కాబట్టి గుంటలో నాలుగైదు చెక్క పలకలు, వెదురు ముక్కలు నిలబెట్టండి. వారానికొకసారి పైకి తీసి మండే ఎండలో బాగా ఎండబెట్టి మళ్లీ పెట్టండి. గుడ్లు ఎండిపోతాయి. ఖర్చు లేదు. ఓపిక ఉండాలి, నెలన్నర రెండు నెలలు మానకుండా చేయాలి. పేలకు మందులు కూడా ఉన్నాయి. అవి పురుగుల మందుల జాతి. చుక్క తేడా వచ్చినా చేపలు పోతాయి. మత్స్యశాఖ వాళ్లు చెప్పకుండా వాటి జోలికి వెళ్లకండి.

పొట్ట ఉబ్బి పొలుసులు పైకి లేచి ఉంటే ఆ చేప బతకడం కష్టం. దాన్ని తీసి పూడ్చేయడమే మంచిది. మిగతావాటికి అంటకుండా ఉంటుంది.

ఇక ఎర్ర మచ్చల జబ్బు. పుండ్ల జబ్బు అని కూడా అంటాం. మన దగ్గర ఎక్కువ మందిని ఏడిపించింది ఇదే. కొంచెం నిదానంగా చెబుతాను.

ఈ జబ్బు మన దేశంలోకి 1988లో ఈశాన్య రాష్ట్రాల వైపు నుంచి వచ్చింది. అక్కడ నుంచి రాష్ట్రం తర్వాత రాష్ట్రానికి పాకింది. దీనికి మూలం ఒక రకం బూజు. ఆ బూజు చేప చర్మం దాటి కండలోకి దిగుతుంది. మొదట ఎర్రటి చుక్కలు. తర్వాత పుండు. తర్వాత కండ ఊడి ఎముక కనబడుతుంది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో ఎక్కువ వస్తుంది. నీళ్లు చల్లబడితే చేప ఒంట్లో సత్తువ తగ్గుతుంది, బూజుకు మాత్రం ఆ చలే అనుకూలం. ముందుగా కొరమేనుకు, పరిగెలకు, అడుగున తిరిగే చేపలకు పడుతుంది. కాబట్టి పక్క కాలువలో పరిగెలకు పుండ్లు కనబడ్డాయంటే మన గుంటకు రాబోతోందని అర్థం.

ఈ జబ్బు వచ్చిన ఊళ్లలో చేప తింటే మనుషులకు పుండ్లు వస్తాయని పుకారు పుడుతుంది. బజారులో చేపలు కొనేవాళ్లే ఉండరు. అది నిజం కాదు. ఈ బూజు మనిషికి పట్టదు. అయితే పుండు పడి కుళ్లిన చేపను తినమని నేను చెప్పను. కుళ్లింది ఏదైనా కుళ్లిందే.

మేము చేపల్ని చంపుకున్న రెండో ఏడు, కార్తీకం చివర్లో, మా గుంటలో ఈ జబ్బే వచ్చింది. ఈసారి అరవై పిల్లలే వేశాం. మా గుంటకు అంతకు మించి ఎక్కువ అని ఆయన చెప్పి వెళ్లాడు. సెంటుకు ఇరవై లెక్క. ఒక రోజు శీలావతి తోక దగ్గర రూపాయంత ఎర్ర మచ్చ కనబడింది. నాన్న నా వైపు చూశాడు. నేను నాన్న వైపు చూశాను. దుకాణానికి ఎవరూ పోలేదు.

ముందు గుంట కొలిచాం. తాడుకు అడుగు అడుగుకీ ముడి వేసి లాగాం. పొడవు 40 అడుగులు. వెడల్పు 30 అడుగులు. లోతు ఒక్క చోట చూస్తే సరిపోదు. గట్టు దగ్గర ఒకలా, మధ్యలో ఒకలా ఉంటుంది. గడ తీసుకుని మూడు చోట్ల దించాం. ఒక చోట 2 అడుగులు, ఒక చోట 4, ఒక చోట 3. మూడూ కలిపితే 9. మూడుతో భాగిస్తే 3. సరాసరి లోతు 3 అడుగులు. ఇప్పుడు గుణించాలి. 40ని 30తో గుణిస్తే 1200. దాన్ని 3తో గుణిస్తే 3600 ఘనపుటడుగులు. 35 ఘనపుటడుగులు ఒక ఘన మీటరు. 3600ని 35తో భాగిస్తే 100 దాటి కొంచెం. 100 అనుకుందాం. అంటే మా గుంటలో 100 ఘన మీటర్ల నీళ్లు ఉన్నాయి. ఒక ఘన మీటరుకు వెయ్యి లీటర్లు. మొత్తం లక్ష లీటర్లు.

అప్పుడు పాత లెక్క కూడా వేశాను. వేయకుండా ఉండలేకపోయాను. ఆ ఎండాకాలం లోతు రెండడుగులే. 2400 ఘనపుటడుగులు. దాదాపు 68 ఘన మీటర్లు. పర్మాంగనేటు ఘన మీటరుకు 2 గ్రాముల చొప్పున వేసినా 136 గ్రాములు చాలు. మేము వేసింది 500.

సరే. సున్నం సంగతి. ఎర్ర మచ్చల జబ్బుకు సున్నం చల్లడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచి పద్ధతి. సెంటుకు ఒక కిలో లెక్క. ఒక సెంటు అంటే 435 చదరపు అడుగులు. 1200ని 435తో భాగిస్తే రెండుముప్పావు సెంట్లు. మూడు కిలోల లోపు సున్నం. అయితే ముందు రంగు కాగితం ముంచి నీళ్లు చూడాలి. పీహెచ్ కాగితం అంటారు, మందుల దుకాణాల్లో దొరుకుతుంది. ఎనిమిదిన్నర దాటి ఉంటే సున్నం వేయకూడదు. మాది ఏడు చూపించింది. సాయంత్రం ఇనుప డ్రమ్ములో సున్నం నానబెట్టాం. రాళ్ల సున్నం నీళ్లు తగిలితే ఉడుకుతుంది, చిమ్ముతుంది. కంట్లో పడితే కన్ను పోతుంది. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. తెల్లారేసరికి చల్లారింది. ఆ తేట, ముద్ద కలిపి గుంట అంతా సమంగా చల్లాం.

మత్స్యశాఖ ఆయనకు ఫోను చేస్తే సిఫాక్స్ అనే మందు తెచ్చుకోమన్నాడు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో మంచినీటి చేపల మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఈ జబ్బు కోసమే వాళ్లు తయారు చేసిన మందు అది. నాన్న వెళ్లి సీసా తెచ్చాడు.

ఇక్కడ మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆమె కూడా మీలాగే రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన మనిషి. అరవై దాటాక నేర్చుకుంది. మందుతో వచ్చిన కాగితం తీసుకుని దీపం దగ్గర పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. "హె... క్టా... రు. హెక్టారుకు ఒక లీటరు. మీటరు లోతుకు." చదివి నన్ను అడిగింది. "హెక్టారంటే ఎన్ని సెంట్లే?"

247 సెంట్లు అన్నాను.

"మనది మూడు సెంట్లు కూడా లేదు. మరి ఈ సీసాలో ఎంత పొయ్యాలి?"

లెక్క చూడండి. హెక్టారు మీటరు లోతు అంటే 10,000 ఘన మీటర్ల నీళ్లు. వాటికి ఒక లీటరు మందు. మావి 100 ఘన మీటర్లు. అంటే నూరో వంతు. లీటరుకు 1000 మిల్లీలీటర్లు. అందులో నూరో వంతు 10 మిల్లీలీటర్లు. రెండు టీ చెంచాలు! నాన్న సీసా మూత చూసుకుని నవ్వాడు. ఆ మూతతోనే పోద్దామనుకున్నాడట. దగ్గు టానిక్కుతో గీతలున్న చిన్న గ్లాసు ఇస్తారు గదా, దానితో 10 గీత దాకా కొలిచాం. బక్కెట్టు నీళ్లలో కలిపి గుంట అంతా చల్లాం. ఆ గ్లాసు మళ్లీ ఇంట్లో వాడలేదు, పారేశాం.

అరవైలో తొమ్మిది పోయాయి. పుండు పెద్దవయిన వాటిని తీసి సున్నం వేసి పూడ్చాం. మూడు వారాలకు మిగతావాటి పుండ్లు మానడం మొదలైంది. మచ్చలు నల్లబడ్డాయి. సున్నం పనిచేసిందా, సిఫాక్స్ పనిచేసిందా, తర్వాత ఎండ పెరగడం వల్ల తగ్గిందా అంటే నేను చెప్పలేను. మూడూ కలిసి ఉండవచ్చు. కొలిచి వేశాం కాబట్టి మందు వల్ల మాత్రం ఒక్క చేప కూడా పోలేదు. అది చెప్పగలను.

ఇంకో మూడు మాటలు, త్వరగా చెప్పేస్తాను.

కొత్త పిల్లలను తెచ్చినప్పుడు నేరుగా గుంటలో వదలకండి. 10 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల కల్లుప్పు కరిగించండి. పిల్లలను వలతో ఎత్తి రెండు మూడు నిమిషాలు అందులో ముంచండి. ఒక్కటి పక్కకు ఒరిగినా వెంటనే అన్నిటినీ తీసేయండి. వేరే గుంటలో లాగిన వలను ఎండలో బాగా ఎండబెట్టకుండా మీ గుంటలో దించనివ్వకండి. మొహమాటపడకండి. వల తెచ్చేది సొంత బావమరిదైనా సరే.

మనుషుల బిళ్లలు చేపలకు వేయకండి. జ్వరం బిళ్లలు, పుండ్ల బిళ్లలు మేతలో కలిపేవాళ్లను చూశాను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ జాతి మందులు చేపల పెంపకంలో వాడకూడదని నిషేధం ఉంది. ఆ మందు చేప కండలో నిలుస్తుంది. చివరికి మన కంచంలోకే వస్తుంది.

మీకు అర్థం కాని జబ్బయితే మత్స్య సహాయకుల దగ్గరకు వెళ్లండి. లేకపోతే ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వెళ్లేటప్పుడు చచ్చిన చేపను సంచిలో పెట్టుకుని పోకండి. అది కుళ్లి ఉంటుంది, వాళ్లకు ఏమీ తెలియదు. జబ్బు చేప బతికున్నదాన్ని గుంట నీళ్లతోనే బిందెలో తీసుకెళ్లండి. వేరే సీసాలో గుంట నీళ్లు విడిగా పట్టుకెళ్లండి. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. చావు ఏ రోజు మొదలైంది, రోజుకు ఎన్ని, పొద్దున్నా సాయంత్రమా, మేత ఏమి వేశారు, ఎంత వేశారు, ఇంతకుముందు ఏ మందైనా పోశారా. పోసి ఉంటే దాచకండి. మేము మొదట ఆయనకు పర్మాంగనేటు సంగతి చెప్పలేదు. సిగ్గుపడ్డాం. గట్టు మీద ఊదా మరకలు చూసి ఆయనే అడిగాడు.

మామ్మా, రేపు తెల్లవారుజామున లేచి మీ గుంట చూడండి. చేపలు నోళ్లు తెరుస్తున్నాయో లేదో చూసి నాకు చెప్పండి. ఎల్లుండి నేను వస్తాను, ఒక చేపను పట్టి మొప్పలు చూద్దాం. మిగిలినవాళ్లు వచ్చే మంగళవారం మీ మీ గుంటల పొడవు, వెడల్పు కొలిచి రాసుకురండి. లోతు మూడు చోట్ల చూడండి. గుణకారం ఇక్కడే కలిసి చేద్దాం. ముడులు వేసిన తాడు మా ఇంట్లో ఉంది, కావాలంటే తీసుకుపోండి.